ముందు శ్రుతి దించండి

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచర్‌ని. మా సంఘంలో ఆదివారం ఆరాధనకు నూట ఇరవై మంది దాకా వస్తారు. ఇన్నేళ్లూ క్వయర్ (ఆరాధనలో పాటలు పాడే బృందం) నడిపిన మాస్టారు కొడుకు దగ్గర ఉండటానికి హైదరాబాదు వెళ్లిపోయారు. చిన్నప్పుడు మూడేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నానన్న ఒక్క కారణంతో పాస్టర్ గారు ఆ బాధ్యత నాకు అప్పగించారు. ఆరుగురు ఆడవాళ్లం, ఇద్దరు మగవాళ్లు, ముగ్గురు పిల్లలు, మొత్తం పదకొండు మందిమి. పాటలన్నీ నాకు అలవాటైన అయిదున్నర శ్రుతిలోనే (కీబోర్డు మీద జి షార్ప్) ఎత్తుకుంటున్నాను. మగవాళ్ల గొంతు వినపడదు. వారిలో ఒకాయనకు అసలు శ్రుతి కలవదు. ముప్పై ఏళ్లుగా పాడుతున్న ఒక పెద్దావిడ గొంతు మాత్రం అందరినీ మించి వినపడుతుంది, ఆమెకు చెప్పే ధైర్యం నాకు లేదు. మూడో చరణానికల్లా సంఘం పాడటం మానేస్తుంది. నాకు స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య పద్ధతి) రాదు, చేతులు ఊపి నడిపించడం రాదు. క్రిస్మస్‌కు నాలుగు గొంతుల్లో ఇంగ్లిషు క్యారల్ ఒకటి పాడించాలని సంఘ కమిటీ కోరిక. ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు) మొదటి ఆదివారానికి ఇంకా పద్నాలుగు వారాలుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? అందరికీ ఒకే రంగు చీరలు కొనమంటారా?
— పేరు వద్దు, కృష్ణా జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో అయిదున్నర అన్న మాట దగ్గర ఆగిపోయాను. మగవాళ్లు వినపడకపోవడం, ఒకాయనకు శ్రుతి కలవకపోవడం, పెద్దావిడ గొంతు ఒక్కటే పైకి తేలడం, సంఘం మధ్యలో పుస్తకాలు మూసేయడం... ఈ నాలుగింటికీ సగం కారణం అక్కడే ఉందని నా అనుమానం. నొటేషన్, చేతులు, క్యారల్ తర్వాత చూద్దాం. ముందు శ్రుతి.

మీ సంగీతం టీచరు మిమ్మల్ని అయిదున్నరలో కూర్చోబెట్టడంలో తప్పు లేదు. ఆడపిల్ల ఒక్కతే, రోజూ సాధన చేసి పాడటానికి కుదిరే శ్రుతి అది. సంఘంలో పాడేది ఒక్కరు కాదు, సాధన చేసినవారూ కాదు. పాట మంద్ర పంచమం (కింది స్థాయి ప) దాకా దిగిందంటే అయిదున్నరలో మీ పక్కనున్న ఆడవాళ్లకే గొంతు అందదు. మగవాళ్ల సంగతి మరీ కష్టం. ఒక స్థాయి కింద పాడితే గొణుగుడు, మీతో సమానంగా ఎత్తుకుంటే చరణంలో అరుపు. నోరు తెరిచి అరవడానికి మొహమాటపడే మగవాడు పెదవులు మాత్రం కదుపుతాడు. మీకు వినపడనిది ఆ పెదవులే.

ఈ శనివారం సాధనకు పావుగంట ముందే వెళ్లి కీబోర్డు ముందు కూర్చోండి. సరిగ్గా మధ్యలో ఉన్న ఒకటి శ్రుతి మీట చూసుకోండి (ఇంగ్లిషు పేర్లలో ఒకటి సి, రెండు డి, మూడు ఇ, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్). దానికి ఎడమ పక్కన దిగువనున్న ఆరు మీట మీద ఒక రంగు కాగితం ముక్క, పై స్థాయిలోని రెండు మీట మీద ఇంకొకటి అంటించండి. ఆ రెండు ముక్కల మధ్యనున్నదే మామూలు ఆడగొంతు హాయిగా తిరిగే చోటు. మగవాళ్లు అదే పాటను తమంతట తామే ఒక స్థాయి కింద పాడుకుంటారు. ఇక ప్రతి పాటలో అన్నిటికంటే కింది స్వరమేది, పై స్వరమేది అని వెతకండి. పాటను ఆ రెండు కాగితాల మధ్య ఇరికించండి. లెక్కల టీచరు గదా, మీకిది ఆటలా ఉంటుంది.

ఉదాహరణకు ఒక కీర్తన మధ్య షడ్జమం (మామూలు స) దగ్గర మొదలై తార గాంధారం (పై స్థాయి గ) దాకా వెళ్తుందనుకోండి. షడ్జమాన్ని దిగువ ఆరున్నర మీద పెడితే తార గాంధారం సరిగ్గా రెండు మీద పడుతుంది. అదే ఒకటిలో ఎత్తుకుంటే కాగితం దాటి మూడు దాకా పోతుంది. క్వయర్ పాడుతుంది, సంఘం ఊరుకుంటుంది. ఇంకో పాట మంద్ర పంచమం దాకా దిగి తార షడ్జమం దగ్గర ఆగిపోతుందనుకోండి. దాన్ని రెండులో ఎత్తుకుంటే పంచమం ఆరు మీద, పై షడ్జమం రెండు మీద, కొలిచి కుట్టినట్టు కూర్చుంటుంది. అన్ని పాటలకూ ఒకే శ్రుతి అనేది లేదు. పాట నంబరు పక్కన దాని శ్రుతి రాసుకునే నోటు పుస్తకం ఒకటి పెట్టండి. ఉదయం ఏడు గంటల ఆరాధన ఉన్న రోజున ఇంకో అర తగ్గించండి, ఎందుకంటే ఆ వేళకు గొంతులింకా మంచం దిగవు.

శ్రుతి రాసుకున్నంత మాత్రాన సరిపోదని నాకు తెలిసింది ఒక ఈస్టర్ తెల్లవారుజామున. ముందురోజు పెళ్లిలో వాయించి వచ్చిన మా కీబోర్డు అబ్బాయి, ట్రాన్స్‌పోజ్‌ను (కీబోర్డు శ్రుతిని మొత్తంగా పైకీ కిందికీ జరిపే మీట) నాలుగు మీటలు పైకి పెట్టి అలాగే వదిలేశాడు. సమాధి తోటలో చీకటి, కొవ్వొత్తులు, అందరికీ వచ్చిన పునరుత్థాన గీతం. పల్లవి ఎలాగో గట్టెక్కాం. అనుపల్లవిలో మాత్రం నూరు మందీ ఒక్కసారిగా ఆగిపోయారు, నేనొక్కడినే కోడిపుంజులా మిగిలాను. అప్పటి నుంచి ఆరాధనకు ముందు కీబోర్డు మీద ఆ అంకె సున్నా చూపిస్తోందా అని నా కళ్లతో చూశాకే కూర్చునేవాణ్ణి.

ఇప్పుడు శ్రుతి కలవని ఆయన గురించి. "మీరు కాస్త చిన్నగా పాడండి" అని ఆయనకు ఇప్పటికే ఎవరో చెప్పి ఉంటారు. దయచేసి ఆ మాట మీరు మళ్లీ అనకండి. మా క్వయర్‌లో తాపీ పని చేసే పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. నేను ఏ స్వరమిచ్చినా ఆయన వేరే స్వరం పట్టేవారు. రెండేళ్లు ఆయనను వెనక వరసలో నిలబెట్టి ఊరుకున్నాను, అది నా తప్పు. ఒక రోజు ఇద్దరమే మిగిలితే, నేను స్వరమివ్వడం మాని, "మీకు తోచిన దగ్గర ఊ అనండి" అన్నాను. ఆయన అన్నారు. ఆ స్వరానికి నేను నా గొంతు కలిపాను. రెండు గొంతులు ఒకటైతే చెవిలో ఎలా ఉంటుందో ఆయనకు బహుశా అదే మొదటిసారి తెలియడం. కళ్లు పెద్దవయ్యాయి. అక్కడి నుంచి ఒక స్వరం పైకి, ఒక స్వరం కిందికి, రోజుకు అయిదు నిమిషాల చొప్పున నడిచాం. మూడు నెలలకు పాట మొత్తం రాకపోయినా పల్లవి పట్టుకున్నారు. మీ క్వయర్‌లోని ఆయనతోనూ అలాగే చేయండి: మీరు ఆయన స్వరానికి వెళ్లండి, ఆయనను మీ స్వరానికి లాగకండి. మిగతావాళ్ల ముందు మాత్రం వద్దు. క్వయర్‌లో ఆయనను కీబోర్డు పక్కన కాకుండా స్థిరమైన మగగొంతు పక్కన నిలబెట్టండి. కీబోర్డు శబ్దం కంటే మనిషి గొంతును అందుకోవడం సులువు.

ఆ ముగ్గురు పిల్లల్లో పన్నెండు, పద్నాలుగేళ్ల మగపిల్లవాడుంటే ఒక జాగ్రత్త. గొంతు మారే వయసులో వాడికి సరిగ్గా పలికేవి నాలుగైదు స్వరాలే, అవి కూడా నెలనెలా మారుతుంటాయి. ఆ స్వరాల వరకు పాడి మిగతా చోట ఊరుకోమనండి. నవ్వితే మాత్రం వాడు మళ్లీ ముప్పై ఏళ్ల దాకా నోరు తెరవడు.

పెద్దావిడ విషయంలో మీకు ధైర్యం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. ముప్పై ఏళ్లు శనివారం సాయంత్రాలు ఇచ్చిన మనిషి ఆమె. క్వయర్‌కు ఎవరూ రాని రోజుల్లో బహుశా ఆమె ఒక్కరే పాడి ఉంటారు. గట్టిగా పాడటం అప్పుడు అవసరమై, ఇప్పుడు అలవాటైపోయింది. మీరు చేయదగ్గవి రెండున్నాయి. ఒకటి, మైకు చేతికివ్వకండి. ఎవరి చేతిలో మైకుంటే వారి పాటే సంఘానికి వినపడుతుంది, మిగతా పది మందీ బొమ్మలవుతారు. ఉన్నది రెండు మైకులే అయినా స్టాండుకు పెట్టి, అందరికీ రెండు మూడు అడుగుల దూరంలో ఉంచండి. పెద్ద గొంతులు వెనక, చిన్న గొంతులు ముందు. రెండోది, ఏదో ఒక చరణం ఆమెతో ఒంటరిగా పాడించండి, మిగతావాళ్లు పల్లవిలో కలుస్తారు. తనదంటూ ఒక చోటు దొరికాక, మిగతా చోట్ల తగ్గమని అడగడం కష్టం కాదు. ఇంటికి వెళ్లి, టీ తాగుతూ, "అమ్మగారూ, పక్కనున్న అమ్మాయి గొంతు మీకు వినపడేలా పాడదాం" అనండి. మీ గొంతు ఎక్కువైందని చెప్పడం కంటే పక్కవాళ్ల గొంతు వినమనడం మేలు. అర్థం ఒకటే, నొప్పి లేదు.

సాధన గురించి. గంటం పావు చాలు. ఆరు గంటలన్నారంటే ముగ్గురే వచ్చినా ఆరింటికే మొదలుపెట్టండి. నాలుగు వారాల్లో మిగతావాళ్లు సర్దుకుంటారు. ప్రార్థన అయిదు నిమిషాలు. ఇది రాయడానికి సంకోచంగానే ఉంది గాని, మొదటి ప్రార్థన ఇరవై నిమిషాలు సాగితే సాధన ఆ రోజుకు అయిపోయినట్టే. తర్వాత గొంతు సవరించుకోవడానికి పది నిమిషాలు: నోరు మూసి 'మ్‌మ్' అంటూ పై నుంచి కిందికి జారడం, ఆపైన మీకొచ్చిన సరళీ వరసలే, కాకపోతే మాయామాళవగౌళలో కాకుండా శంకరాభరణంలో. మీరు నేర్చుకున్న మూడేళ్లూ ఇక్కడ పనికొస్తాయి. కుర్చీలు వరసగా కాకుండా గుండ్రంగా వేయండి. సాధనలో మైకు వద్దే వద్దు. ఫ్యాన్లు కూడా కాసేపు ఆపి చూడండి, ఎవరు ఎక్కడ జారుతున్నారో చటుక్కున తెలుస్తుంది.

కొత్త పాటను అలసిపోయాక కాదు, సాధన మొదట్లోనే నేర్పండి. ముందు మాటలు చదివించండి, పాడించకుండా. పాత కీర్తనల్లో అర్థం తెలియని మాటలు చాలా ఉంటాయి. అర్థం చెప్పకపోతే 'క్షమ' కాస్తా 'చమ' అవుతుంది, 'ధన్యము' 'దన్యము' అవుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పెన్సిలుతో గీత పెట్టించండి. 'మహోన్నతుడు' అన్న మాటలో 'మహో' దగ్గర ఊపిరి తీస్తే వినేవాడికి దేవుడు రెండు ముక్కలుగా అందుతాడు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ఆ చివరి అచ్చును పదకొండు మందీ ఒకేసారి ఆపగలిగితే చాలు, ఆ ఒక్కదానితో బయటివాళ్లకు మీది కుదిరిన క్వయర్ అనిపిస్తుంది. ఒకరు 'దేవుడూ' అని సాగదీసి ఇంకొకరు 'దేవుడు' అని తెగ్గొడితే ఎంత మంచి గొంతులున్నా లాభం లేదు.

పాట నేర్పించడానికి యూట్యూబు లింకు పంపకండి. సినిమా గాయకులు పాడిన రికార్డింగు వింటే ఒక్కొక్కరూ ఒక్కో గమకం పట్టుకొస్తారు, వాటిని వదిలించడానికి రెండు శనివారాలు పోతాయి. మీరే ఫోనులో సాదాగా పాడి, వాట్సాప్ గ్రూపులో పెట్టండి. మీ గొంతు బాగుండక్కర్లేదు, స్వరం సరిగ్గా ఉంటే చాలు.

ఇక కీర్తనల సంగతి. మీ దగ్గర ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఉండే ఉంటుంది. పాట మీద చిన్న అక్షరాల్లో రాగం, తాళం వేసి ఉంటాయి, చాలామంది వాటిని దాటేసి నేరుగా మాటలకు వెళ్లిపోతారు. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి గారు, ఆయన దారిలో వచ్చినవారు పాశ్చాత్య బాణీలకు తెలుగు మాటలు అతికించకుండా, కర్ణాటక రాగాల్లోనే పాటలు కట్టారు. అందువల్ల మీకు నొటేషన్ రాకపోవడం కంటే ఆ రెండు మాటలు చదవగలగడం ఎక్కువ అక్కరకొస్తుంది.

అసలు చిక్కు వచ్చేది కీబోర్డుతో. అబ్బాయి పాపం తనకొచ్చిన మేజర్, మైనర్ కార్డులు (మూడేసి స్వరాలు కలిపి నొక్కడం) వేస్తాడు. శంకరాభరణమైతే పేచీ లేదు, అది పాశ్చాత్యుల మేజర్ స్కేలే. హరికాంభోజి దగ్గర తగువు మొదలవుతుంది. పంచమం మీద మేజర్ కార్డు వేస్తే అందులో కాకలి నిషాదం మోగుతుంది, మీరు పాడేదేమో కైశికి నిషాదం. రెండూ పక్కపక్క మీటలు. ఒకేసారి వినపడితే పంటికింద రాయి పడ్డట్టుంటుంది. క్వయర్ కీబోర్డు వైపు జారిపోతుంది, అప్పుడు మనం "శ్రుతి తప్పారు" అని క్వయర్‌ను తిడతాం. మోహనలో మధ్యమ నిషాదాలు లేవు గాబట్టి కార్డులు తక్కువగా, ఆచితూచి వేయమనండి. తోడి, ముఖారి వంటివాటికి కార్డులే వద్దు. షడ్జమ పంచమాలు రెండూ కలిపి తంబూరలా నొక్కి పట్టుకుంటే సరిపోతుంది. అబ్బాయికి చెప్పేటప్పుడు "ఇది వాయించకు" అనకండి, మొహం ముడుచుకుంటాడు. ఆ రెండు స్వరాలు పట్టుకుని మిగతా చేత్తో పాట బాణీ వాయించమనండి, చేతికి పని దొరుకుతుంది.

తాళానిదీ ఇదే కథ. చాపు తాళంలో మిశ్ర చాపు ఏడు లెక్క, మూడు, నాలుగు. కీబోర్డులో తయారుగా ఉండే రిథమ్‌లు చాలావరకు ఎనిమిదికో, ఆరుకో సరిపోయేవి. ఎనిమిది లెక్క రిథమ్ ఆన్ చేస్తే ప్రతి ఆవర్తనానికీ (తాళం ఒక చుట్టు తిరగడానికి) ఒక లెక్క అదనంగా మిగిలి, క్వయర్ దాన్ని నింపడానికి మాటలు సాగదీస్తుంది. పాట బరువెక్కి పల్లకీలా ఊగుతుంది. అలాంటి పాటకు రిథమ్ ఆపేసి చేత్తో తట్టండి, లేదా తబలా వచ్చినవారుంటే పిలవండి. డ్రమ్స్ వాయించాలని ఉబలాటపడే కుర్రవాడు ప్రతి సంఘంలో ఒకడుంటాడు. మాటలు చివరి బెంచీకి వినపడినంత వరకు వాయించనివ్వండి.

చేతులు ఊపడం గురించి మీరు దిగులుపడ్డారు. పదకొండు మందికి అంత పెద్ద ఊపులెందుకు? వాళ్లు మిమ్మల్ని ఆరడుగుల దూరం నుంచి చూస్తుంటారు. మొదలుపెట్టే ముందు మీరు వాళ్లతో కలిసి ఊపిరి తీసుకోండి, కనపడేలా, భుజాలు ఎగరేయకుండా. మీ ఊపిరే వాళ్లకు సైగ. మీరు ఏ వేగంతో ఊపిరి తీస్తే పాట ఆ వేగంతో మొదలవుతుంది. ఆపడానికి వేళ్లు మూసి గుప్పిలి చేస్తే చాలు. నడుమ కుడిచేత్తో లెక్క. మీరు తొడ మీద వేసే ఆది తాళాన్నే గాలిలోకి తెచ్చుకోండి, మొదట్లో అదే పద్ధతి. మూడు, నాలుగు లెక్కల పాశ్చాత్య గీతలు తర్వాత అద్దం ముందు నేర్చుకోవచ్చు. వీటన్నిటికంటే ముఖ్యం, పాట కంఠతా రావడం. మీ తల పుస్తకంలో ఉంటే మీ చెయ్యి ఎంత అందంగా ఊగినా చూసేవాళ్లుండరు.

స్టాఫ్ నొటేషన్ రాకపోతే ఇంగ్లిషు హిమ్స్ ఎలా అంటారా? సంఘంలో డెబ్బై దాటిన వాళ్లను అడిగి చూడండి, సోల్ఫా (స్వరాలను డో, రే, మీ అంటూ అక్షరాలతో రాసే పద్ధతి) పుస్తకం ఎవరి ట్రంకు పెట్టెలోనో ఉండవచ్చు. జాన్ కర్వెన్ 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి అది. మిషనరీలతో పాటు చాలా దేశాలు తిరిగింది. అందులో డో ఎక్కడైనా ఉండవచ్చు, మన షడ్జమం లాగే. డో, రే, మీ అన్న చోట స, రి, గ అని చదువుకోండి. నెల రోజుల్లో పట్టుబడుతుంది. స్టాఫ్ నొటేషన్ వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

ఇప్పుడు కమిటీ కోరిన నాలుగు గొంతుల క్యారల్. నా సలహా, ఈ ఏడాది వద్దు.

నేను క్వయర్ తీసుకున్న మొదటి డిసెంబరులో ఇలాంటి కోరికే నాకూ పుట్టింది, అడిగింది కమిటీ కూడా కాదు, నా గొప్పతనమే. తొమ్మిది మందితో నాలుగు భాగాలు: ఆడవాళ్లలో పై గొంతు సోప్రానో, కింది గొంతు ఆల్టో, మగవాళ్లలో పై గొంతు టెనర్, కింది గొంతు బాస్. టెనర్ పాడే కుర్రవాడు ఒక్కడే. ఇరవై నాలుగో తేదీ మధ్యాహ్నం అతనికి నూట రెండు జ్వరం. అయినా ఆపలేదు నేను. రెండో చరణంలో ఆల్టో అమ్మాయిలు తమకు ఆసరాగా ఉండే గొంతు లేక సోప్రానోలోకి జారిపోయారు. బాస్ పాడే ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాలుగు గొంతులు మూడయ్యాయి, మూడు రెండయ్యాయి, చివరికి ఫ్యాన్ల చప్పుడు మిగిలింది. అంత నిశ్శబ్దం ఆ గుడిలో నేను అంతకుముందు వినలేదు. పాస్టర్ గారు లేచి, ఏమీ జరగనట్టు, అందరికీ వచ్చిన ఒక పాత క్రిస్మస్ కీర్తన ఎత్తుకున్నారు, హాయిగా కింది శ్రుతిలో. గుడి గుడంతా అందుకుంది. బయట చెప్పుల దగ్గర నిలబడ్డవాళ్లు కూడా పాడారు. నేను తల వంచుకుని పాడాను. ఆ రాత్రి ఇంటికి వెళ్లి, మూడు నెలలుగా నేను ఎవరి కోసం సాధన చేయించానా అని లెక్క వేసుకున్నాను.

అందుకని మీ పద్నాలుగు శనివారాల్లో మొదటి ఎనిమిది ఒకే గొంతుగా పాడించండి. అందరూ ఒకే బాణీ, ఒకే అచ్చు, ఒకే ఊపిరి. అది వచ్చాక రెండు గొంతులు: ఆడవాళ్లు, పిల్లలు బాణీ పాడతారు, మగవాళ్లిద్దరూ కింద రెండు మూడు స్వరాలతో నడిచే సులువైన వరస పాడతారు. మగవాళ్లు ఇద్దరే గదా అని చిన్నబుచ్చుకోవద్దు. 'శుద్ధరాత్రి' అంటూ మనం తెలుగులో పాడుకునే క్యారల్‌ను 1818 డిసెంబరు 24న ఆస్ట్రియాలోని ఒబెర్న్‌డార్ఫ్ గుడిలో మొదటిసారి పాడినప్పుడు ప్రధానంగా పాడింది ఇద్దరే, జోసెఫ్ మోర్, ఫ్రాంజ్ గ్రూబర్. తోడు ఒక గిటారు. క్వయర్ చివరి పాదాలు మాత్రం అందుకుంది. కమిటీవారికి ఈ సంగతి చెప్పండి. రెండు గొంతుల్లో అదే పాటను, గిటారు ఉంటే గిటారుతో, పాడి వినిపిస్తామనండి. ఒప్పుకోకపోతే నా కథ చెప్పండి, నా పేరుతో సహా.

సంఘం మూడో చరణానికి మానేస్తోందన్నారు. శ్రుతి దించితే చాలావరకు సర్దుకుంటుంది, మిగతాది వేగం. చరణానికీ చరణానికీ మధ్య కీబోర్డు అబ్బాయి వాయించే సంగీతాన్ని సగానికి కత్తిరించండి. ఆ విరామంలోనే జనం వాట్సాప్ తెరుస్తారు. ఎనిమిది చరణాల కీర్తనైతే ఏ నాలుగు పాడతామో ముందే ప్రకటించండి, మధ్యలో తడుముకోవద్దు. నెలకు ఒకే ఒక్క కొత్త పాట. దాన్ని మొదటి ఆదివారం క్వయర్ పాడుతుంది, రెండో ఆదివారం సంఘం పల్లవి కలుస్తుంది, మూడో ఆదివారానికి అందరిదీ అవుతుంది.

పాస్టర్ గారిని మంగళవారమే పట్టుకోండి. ఆ ఆదివారపు వాక్యభాగం ఏమిటో, ప్రసంగం దేని మీదో తెలిస్తే పాటలు వెతకడం సులువు. శనివారం రాత్రి పదింటికి ఫోను చేసి నంబర్లు చెప్పే పాస్టర్ గారైతే, ఆగమన కాలపు నాలుగు ఆదివారాలకూ మీరే పాటల పట్టిక రాసి తీసుకెళ్లి చూపించండి. మార్పులు చేస్తారు గాని కాదనరు. శ్రమల కాలం, మట్టల ఆదివారం, శుభ శుక్రవారం వరకు అదే పట్టిక పొడిగించుకోవచ్చు.

చీరలు కొనకండి. ఆ డబ్బుతో రెండు మైకు స్టాండ్లు, పదకొండు పెన్సిళ్లు కొనండి. క్రిస్మస్‌కు ఎవరి దగ్గరున్న తెల్లచీర వారు కట్టుకుంటారు. రంగు మీద చర్చ మొదలైతే నన్ను అడగవద్దు. నేను క్వయర్ దిగి నాలుగేళ్లయింది, మా సంఘంలో ఆ చర్చ ఇంకా తేలలేదు.